తమ్మీ అన్న మాట

సుచిత్ర చౌరస్తాలో నాకు కరెంటు సామాన్ల షాపు ఉన్న రోజుల్లో, నాకంటే పదేళ్లు చిన్న కాంట్రాక్టరొకడు పొద్దున్నే వచ్చి నిలబడేవాడు. “అన్నా, నువ్వొక్క మాట జెప్తే సాలు” అని బతిమాలేవాడు. స్కూటర్ మీద తిప్పి, నాకు తెలిసిన బిల్డర్లందరికీ “మనోడే” అని పరిచయం చేశాను.

రెండేళ్లకు శామీర్‌పేటలో ఒక బిల్డర్ గృహప్రవేశంలో కనిపించాడు. చుట్టూ ఆ బిల్డర్లే. నవ్వుతూ దగ్గరికి వెళ్లాను. నమస్తే కూడా లేదు.

“తమ్మీ, సార్లు నిలవడ్డరు. జర గా కుర్చీలు ఇటెయ్యి” అన్నాడు.

రెండేళ్లలో నా వయసు ఎటు పోయిందో మరి! శుభకార్యం చెడగొట్టడమెందుకని వేశాను. అందరూ కూర్చున్నారు. నేను నిలబడే ఉన్నాను. వాళ్లలో నన్ను ఎరగనివాడు ఒక్కడూ లేడు.