మైపాడు ఒడ్డున నాకు దిగడం రాని సైకిలు

మా చిన్నప్పుడు మైపాడులో నేను సైకిలెక్కాలంటే ముందు పడవెక్కాల... నవ్వకండి, నిజమే చెప్తుండా.

మా నాయనది బట్టల యాపారం. లుంగీలూ, చీటిగుడ్డలూ మూటగట్టి సైకిలు వెనక కట్టుకోని, సముద్రం ఒడ్డున ఉండే జాలరోళ్ల పాళేలన్నీ తిరిగేవాడు. ఆ సైకిలు సీటు నా రొమ్ముదాకా వచ్చేది. నేలమీద నుంచి ఎక్కడం నా తరమా? అందుకని ఒడ్డున లాగిపెట్టిన పడవకి దాన్ని ఆనించి, పడవ అంచుమీద నుంచి కడ్డీ మీదకి జారేదాన్ని. పావడా గోచీ పెట్టి, అటొకసారి ఇటొకసారి ఒంగుతా తడి ఇసకమీద తొక్కేదాన్ని. ఇంకో పడవ రాగానే దాన్ని పట్టుకోని దిగేదాన్ని.

శుక్రవారం మధ్యాన్నం నాయన నమాజు నుంచి వచ్చి కునుకు తీసినప్పుడే ఈ యవ్వారమంతా. అప్పటికి పడవలన్నీ వేటనుంచి తిరిగొచ్చి ఒడ్డున వరసగా ఉండేవి. ఎక్కేదీ పడవమీద నుంచే, దిగేదీ పడవమీదకే... కాలు నేలకానించి దిగడం నేను నేర్చుకోనేలేదు.

నాకు కుదురనేది లేదు. కాలుగాలిన పిల్లిలా తిరగతా ఉండేదాన్ని. మా జేజికి, అంటే నాయనమ్మకి, నన్ను చూస్తే ఒళ్లు మండేది. ఆ ఏడు రంజాను నెల మొదలవగానే తీర్పు చెప్పేసింది. "ఎదిగిన పిల్లవి. పండగ అయినాక గడప దాటినావంటే కాళ్లిరగ్గొడతా మే! కుక్కిన పేనులా ఇంట్లో పడుండు."

అమ్మ పొయ్యికాడికి పోయింది. నాయన మూట సర్దుకున్నాడు. నాకు మాత్రం ఒకటే ఆశ. ఈ పడవనుంచి ఆ పడవకి పోయి వెనక్కి తిరగడం కాకుండా, ఒక్కసారైనా... ఒక్కసారైనా తిన్నగా పోవాల. పండగ లోపల పోవాల. పగలంతా అదే ధ్యాస.

పండగ దగ్గరికొచ్చింది. ఒకరోజు పొద్దున్నే నాయన ఒడ్డున మూట విప్పి, పండగ పావడాకి గుడ్డ ఎంచుకోమని నన్ను పిలిచినాడు. నేను పోయేసరికి ఆడోళ్లంతా ఆయన చుట్టూ మూగి బేరాలాడతా ఉండారు. బాగుచెయ్యడానికి ఆపిన పడవొకటుంటే దానికి ఆనించి ఉంది సైకిలు. ఇంక గుడ్డ ఎవరికి కావాల? ఎక్కేసినా!

వెనకనుంచి గాలి తోస్తా ఉంది. ఇసక గట్టిగా, నున్నగా ఉంది. అబ్బ, ఏం పోయినానో! కాసేపటికి దిగుదామని పడవకోసం చూస్తే... ఏదీ? పొద్దునపూట పడవలన్నీ సముద్రంలో ఉంటాయి గదా! ఒడ్డంతా ఖాళీ.

పక్క పాళెం ఆడోళ్లు గంపలు పెట్టుకోని పడవలకోసం ఎదురుచూస్తా కూర్చోనుండారు. నన్ను చూసి ఒక్కసారిగా లేచినారు.

"మ్మే, బట్టల మస్తానన్న కూతురు గదా ఇది! యాడికి మే పోతుండావు?"

"నాకు దిగడం రాదక్కా!"

ఒకటే నవ్వులు. ఒకామె నా వెనకాల పరిగెత్తతా అరిచింది. "పొడి ఇసకలోకి తిప్పు పాపా! అదే నిలబడిపోతాది!"

ఆ మాత్రం నాకు తెలియక కాదు. పొడి ఇసకలో చక్రం కూరుకుపోతుంది, మహా అయితే కిందపడతా. అయినా తిప్పలేదు. దిగితే ఇంక ఎక్కేది లేదని నాకు తెలుసు. ఏడుపొస్తా ఉంది, నవ్వొస్తా ఉంది... తొక్కతానే ఉండా.

ఊళ్లమీదుగా వచ్చే కాలవ సముద్రంలో కలిసేచోట దారి తెగిపోయింది. అక్కడ పడ్డా. చాలాసేపటికి నాయన పరిగెత్తుకుంటా వచ్చినాడు. రోజా ఉపవాసంలో ఉండాడు, పెదాలు ఎండిపోయి ఉండాయి. దెబ్బలు ఖాయమని కళ్లు మూసుకున్నా. ఆయన ఇసకలో కూలబడి కాసేపు ఊపిరి తీసుకున్నాడు.

"దిగడం రాకుండా యాడిదాకా పోదామనుకున్నావు మే?"

"తెలీదు నాయనా..."

తువ్వాలుతో గొలుసుకంటిన ఇసక తుడిచినాడు. "లే, ఎక్కు" అని నన్ను ఎత్తి కడ్డీమీద కూర్చోబెట్టినాడు. వెనక పట్టుకోని నడస్తా, బ్రేకు పట్టు, ఎడమపక్కకి వంచు, కాలు దించు అని చెప్పినాడు. పడ్డా, మళ్లీ ఎక్కించినాడు. చివరికి ఆయన చెయ్యి వదిలేసినాక నాయంతట నేనే దిగినా.

"వచ్చేసింది నాయనా!" అని గెంతినా.

"వచ్చింది లేమ్మా" అని సైకిలు తను తీసుకున్నాడు. దాన్ని తోసుకుంటా ఇంటిదారి పట్టినాడు.

ఆయన జేజికి చెప్పలేదు. కానీ ఒడ్డున అంతమంది చూసినాక దాగుతుందా? పొద్దుగూకేలోపల ఇంటికి తెలిసిపోయింది. పండగకి కొత్త పావడా కట్టుకున్నా. ఆ తర్వాత జేజి అన్నంతా చేసింది, నన్ను గడప దాటనియ్యలేదు. దిగడం నేర్చుకున్న రోజే నేను ఆఖరుసారి సైకిలు దిగినా.

ఇప్పుడు ఆదివారం పొద్దున నెల్లూరు నుంచి మైపాడు రోడ్డుమీద ఎంతమందో సైకిళ్లమీద వస్తుండారు... తలకి హెల్మెట్లు, కళ్లకి అద్దాలు. వాళ్లలో ఆడపిల్లలూ ఉంటారు. బతుకుతెరువుకి తొక్కినోళ్లు మోటారుసైకిళ్లు కొనుక్కున్నారు, కార్లున్నోళ్లు ఆరోగ్యానికి సైకిళ్లెక్కినారు... విడ్డూరం కాదూ! ఆ ఆడపిల్లలు మా ఇంటి గేటుముందు నుంచి రయ్యిమని పోతుంటే సంతోషంగానే ఉంటుంది. కడుపు మండుతుంది కూడా. ఎందుకు అబద్ధం చెప్పాల? జేజి లేదు, నాయన లేడు, నన్నెందుకు ఆపినారని ఇంక ఎవరిని అడగాల?

మీ అమ్మల్ని, జేజమ్మల్ని కూర్చోబెట్టి అడగండి... చిన్నప్పుడు సైకిలెక్కినారా, ఎక్కితే ఎవరు దింపినారు అని. వాళ్లు చెప్పింది ఇక్కడ రాయండి, ఒక్కటీ వదలకుండా చదువుతా.

నాకైతే ఆ కాలవ దాటి అవతలికి పోవాలని ఇప్పటికీ ఉంది...