పార్వతి చేతి అంబలి

మా ముత్తాత సన్యాసి పడాల్ పన్నెండు ఊళ్లకు ముఠాదారు. ఆయన తర్వాత మా తాత కామన్న పడాల్. శిస్తు వారి చేతి మీదుగా వెళ్లేది, తగవులు మా అరుగు మీద తీరేవి. ముఠాలు రద్దయినప్పుడు నేను చిన్నవాణ్ణి. అధికారం పోయినా మర్యాద పోలేదని మా నాన్న నాకు నేర్పాడు. అరకు కొండల్లో మాకు సాటి వచ్చే ఇల్లు మేనమామ వాళ్లది తప్ప మరొకటి లేదని, ఆయన కూతురు చిలకమ్మనే నాకిచ్చి చేశారు.

తొంభైల మొదట్లో మాకు పార్వతి పుట్టింది. మూడో ఏట ఒక ఉదయం కళ్లంలో నా వైపు పరుగెత్తి వస్తూ పక్కకు తూలింది. నాలుగడుగులు వేసి మళ్లీ తూలింది. నేల చదునుగానే ఉంది. ఏదో తేడా ఉందని ఆ రోజే అనిపించింది.

"గుంట జీలుగు కల్లు తాగీసింది!" అని పిల్లలు నవ్వారు.

"నేను కాదు, కొండే ఊగతంది" అంది పార్వతి.

ఐదో ఏటికి కళ్లలో సన్నని ఎర్ర నరాలు కనిపించాయి. తరచూ జలుబు, దగ్గు. విశాఖలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. రక్తపరీక్షల్లో ఆల్ఫా ఫీటో ప్రొటీన్ ఎక్కువ, ఇమ్యునోగ్లోబ్యులిన్లు తక్కువ వచ్చాయి. డాక్టరమ్మ జబ్బు పేరు చెప్పింది: అటాక్సియా టెలాంజియెక్టేజియా.

"అందరి కణాల్లోనూ డీఎన్‌ఏ అక్కడక్కడ తెగుతుంటుంది, శరీరమే అతుకు వేసుకుంటుంది. మీ పాపకు ఆ రిపేరు సరిగా జరగదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన లోపం ఇది" అంది. "వైరస్‌లను తట్టుకునే శక్తి తక్కువ. ముఖ్యంగా చికెన్‌పాక్స్‌తో జాగ్రత్త. అది ఉన్నవాళ్ల దగ్గరకు పాప వెళ్లిందని తెలిస్తే పొక్కులు వచ్చేదాకా చూడొద్దు. అదే రోజు రండి, ఇంజెక్షన్ ఉంది."

ఊళ్లో అడిగినవాళ్లకు కాళ్ల బలహీనత అని చెప్పాను. రెండు పెద్దిళ్ల రక్తంలో లోపం ఉందని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

పార్వతికి తొమ్మిదో ఏడు నడుస్తుండగా ఊళ్లో అమ్మవారు పోసింది. మాకొక ఆనవాయితీ ఉంది. అమ్మవారు వచ్చిన ఇంట్లో తొలి చల్లని అంబలి ముఠాదారు ఇంటి ఆడపిల్ల తాగించాలి. ఊరి పెద్ద గాసన్న వాకిట్లోకి వచ్చాడు.

"దొరా, మా మనవరాలికి అమ్మోరొచ్చింది. మీ గుంట సేతి అంబలి పడితే సల్లబడతాది."

చిలకమ్మ నన్ను లోపలికి పిలిచింది. "బావా, డాక్టరమ్మ ఏటన్నాది? పిల్లని పంపొద్దు."

"ఆళ్లకి ఏటి సెప్పమంటావు?"

"జొరమని సెప్పు. ఒక్క అబద్ధమాడలేవా?"

"మనింటి నుంచి అంబలి కుండ ఎల్లకపోడం ఎన్నడూ నేదు."

పార్వతిని నేనే ఎత్తుకెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చోబెట్టాను. పార్వతి చేయి వణుకుతుంటే కింద నా చేయి ఆనించాను. "బేగి తాగే, నా సెయ్యి ఆగదు" అని తను ఆ పిల్లను నవ్వించింది.

ఆ రోజే విశాఖ బయలుదేరవలసింది. బయలుదేరితే ఊరు ఎందుకని అడుగుతుంది. అందుకని వెళ్లలేదు.

రెండు వారాలకు జ్వరం, ఒళ్లంతా పొక్కులు. అమ్మవారు ఉండగా మందు తాకించకూడదన్నారు పెద్దవాళ్లు. వేపమండలు పరిచి మూడు రోజులు ఆగాను. నాలుగో రోజు పాపకు ఎగశ్వాస మొదలైంది. జీపులో ఘాట్ రోడ్డు దిగి విశాఖ చేరాం.

"న్యుమోనియా. ఆ రోజే తెచ్చి ఉంటే..." అంది డాక్టరమ్మ.

అసైక్లోవిర్ ఎక్కించారు, ఆక్సిజన్ పెట్టారు. ఇరవై రోజుల తర్వాత ఇంటికి తెచ్చుకున్నాం. పొక్కులు మానాయి కాని ఊపిరితిత్తులు మానలేదు. మాట సన్నబడింది, అన్నం ముద్ద మింగడానికి కూడా ఆయాసపడేది. మరుసటి వానాకాలం అందరికీ వచ్చే జలుబే వచ్చింది. పార్వతి దానికే పోయింది.

పెద్దదినం నాడు గాసన్నకు ఆ జబ్బు సంగతి మొదటిసారి చెప్పాను.

"సెప్పుంటే ఆ కుండ నేనే వొద్దనేవోణ్ని గదా, దొరా."



పార్వతి తర్వాత పుట్టిన మా అబ్బాయికి పరీక్షలు చేయించాం, ఆ జబ్బు లేదన్నారు. వాడికి మేనరికం చేయబోమని చిలకమ్మ తన అన్నతో ఇప్పుడే చెప్పేసింది. నేనూ కాదనలేదు.

ఇలాంటి బిడ్డ ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. జబ్బు సంగతి బడిలోనూ ఇరుగుపొరుగుకూ చెప్పి ఉంచండి. ఎవరికి అమ్మవారు పోసినా ఆ కబురు ముందు మీకు అందాలి. బిడ్డ వాళ్ల దగ్గరకు వెళ్లిందని తెలిస్తే ఆ రోజే ఆసుపత్రికి బయలుదేరండి.

పార్వతి వైద్యానికి పై మెట్టలోని కాఫీ తోటను మిరియాల తీగలతో సహా అమ్మేశాం. ఆ రోజే వెళ్లి ఉంటే ఒక్క ఇంజెక్షన్‌తో పోయేదేమో.