తలుపు తీయని సర్పంచ్

ఆ రోజుల్లో నాకు లోకంలోని ఏ చిక్కుకైనా ఒక మంచి రూలు పెడితే చాలునన్న గట్టి నమ్మకం ఉండేది. డిగ్రీ అయిపోయి, బీఈడీ సీటు కోసం ఎదురుచూస్తూ, బుక్కరాయసముద్రంలో మా చిన్నమ్మ ఇంట్లో ఉండేదాన్ని. అనంతపురంలో ఉద్యోగాలు చేసే తల్లులు పొద్దున్నే తమ పిల్లల్ని చిన్నమ్మ దగ్గర వదిలి, డ్యూటీ దిగాక తీసుకుపోయేవాళ్లు. చిన్నమ్మ పద్ధతి చాలా సులువు. ఆకలైతే పెట్టడం, ఏడిస్తే ఎత్తుకోవడం, కొట్టుకుంటే ఇద్దరినీ చెరో మూల కూర్చోబెట్టి తను కాసేపు నడుం వాల్చడం. ఇది నాకు శాస్త్రీయంగా అనిపించలేదు (శాస్త్రమంటే అప్పటికి నేను ఫోన్లో చూసిన నాలుగు వీడియోలు). అందుకని పిల్లల పెంపకాన్ని నేనే చక్కదిద్దాలని పూనుకున్నాను.

నా రూళ్లకు ఒక తంతు కూడా ఉండేది. పొద్దున్నే అందరం చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. ఒక్కరు నిలబడి ఉన్నా సభ మొదలు కాదు. నేను మూడు చప్పట్లు కొట్టి కొత్త రూలు చెబితే, పిల్లలంతా గట్టిగా మళ్లీ చెప్పాలి. అప్పుడే అది రూలు. వంటింటి గడప దాటకూడదు, కొళాయి తిప్పి వదిలేయకూడదు, పక్కవాడి బొమ్మ అడక్కుండా తీసుకోకూడదు, ఇలా. పిల్లల్లో అందరికన్నా పెద్దది, ఆసుపత్రిలో పనిచేసే ఒక నర్సమ్మ కూతురు, ఐదేళ్లు నిండబోతున్నాయి. నేను పెట్టిన ప్రతి రూలునూ ఆ పిల్ల మిగతావాళ్ల చేత అమలు చేయించేది. చిన్నమ్మ దానికి సర్పంచ్ అని పేరు పెట్టింది. వాళ్లమ్మకు మాత్రం నా మీద ఏమంత గురి లేదు. నెలాఖరు వరకు చూసి, పిల్లను టౌన్లో ఏదైనా పెద్ద బడిలో వేస్తానని చిన్నమ్మతో నా ముందే అనేసింది. ఒక పిల్ల పోతే దాన్ని చూసి ఇంకో ఇద్దరు పోతారు. నా వల్ల చిన్నమ్మ ఇల్లు ఖాళీ అవుతుందేమోనని నాకు లోలోపల దిగులు.

ఆ వేసవిలో వీధిలోకి నీళ్ల ట్యాంకరు ఎప్పుడు వచ్చేదో దానికే తెలియదు. హారన్ వినపడితే బిందెలు తీసుకుని పరుగెత్తాల్సిందే. చిన్నమ్మ కంబదూరులో చుట్టాలింట్లో నామకరణానికి పోవాల్సి వచ్చింది. మరుసటి రోజంతా పిల్లలతో నేనొక్కదాన్నే. ముందుజాగ్రత్తగా కొత్త రూలు పెట్టాను. అక్క బయటికి పోతే లోపల గడియ వేసుకోవాలి, ఎవరొచ్చినా తీయకూడదు. ఊరికే చెబితే ఏం లాభమని పరీక్ష కూడా పెట్టాను. బయట నిలబడి, గొంతు మార్చి, నేను మీ మామను, బిస్కెట్లు తెచ్చినా అన్నాను. అందరిలోకీ చిన్నవాడు క్షణంలో గడియ తీసి చెయ్యి చాపాడు. నాకు ఒళ్లు మండింది. ఎవరైనా నా గొంతుతో కూడా మాట్లాడొచ్చు, కాబట్టి నేనే వచ్చి అడిగినా సరే, తీయొద్దంటే తీయొద్దని రూలును ఇంకా బిగించాను. పిల్లలు గట్టిగా మళ్లీ చెప్పారు. నాకు ఎంతో తృప్తిగా అనిపించింది.

మరుసటి రోజు పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా హారన్ వినపడింది. రెండు బిందెలు పట్టుకుని ఉరికాను. నీళ్లు పట్టుకుని వచ్చి తలుపు తోస్తే రాలేదు. పిలిచాను. కిటికీ ఊచల వెనక సర్పంచ్ ముఖం కనపడింది. నేనేనే, చూడవే, తీయవే అన్నాను.

“కనపడతాండావక్కా,” అంది తాపీగా. “కానీ నువ్వు అడిగినా తీయొద్దని నువ్వే చెప్తివి కదా.”

బతిమాలాను, బెదిరించాను, బిస్కెట్ల ఆశ పెట్టాను. బిస్కెట్ల మాట ఎత్తడంతో ఇది కచ్చితంగా పరీక్షే అనుకున్నారు. చిన్నవాడైతే ఈసారి మోసపోనని రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. లోపలినుంచి మాడు వాసన మొదలైంది. పొయ్యి ఆర్పమందామంటే వంటింటి గడప దాటకూడదన్న రూలు ఉండనే ఉంది (ఆ ఒక్క రూలు పాటించినందుకు మాత్రం మనసులో దండం పెట్టుకున్నాను). అప్పుడు నిజంగా భయం వేసింది. నీళ్లకొచ్చిన ఆడవాళ్లంతా మూగారు. ఒకావిడ దబాయించింది, ఇంకొకావిడ పాట పాడింది. ట్యాంకరన్న గునపం తెస్తానన్నాడు. సరిగ్గా అప్పుడే, ఒంటిపూట డ్యూటీ ముగించుకుని సర్పంచ్ వాళ్లమ్మ ఆటో దిగింది.

విషయం విని ఆమె నన్ను పక్కకు నెట్టి, తలుపు తీయమని కూతుర్ని గద్దించింది. అమ్మకైనా తీయకూడదని కూతురు మర్యాదగానే చెప్పింది. ఆమె నా వైపు తిరిగింది.

“నువ్వు పెట్టిన రూలే కదా పాపా. నువ్వే తీసేయ్.”

అప్పుడు వెలిగింది నాకు. మిట్టమధ్యాహ్నం ఎండలో, కాలుతున్న అరుగు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. సర్పంచ్ కిటికీలోంచి వీధంతా ఒకసారి చూసింది.

“అందరూ కూచోలేదక్కా.”

“కూచోండప్పా, మీకు దండం పెడతా,” అన్నాను.

ఆడవాళ్లు బిందెలు దించి కూర్చున్నారు. ట్యాంకరన్న గొణుక్కుంటూ చక్రం నీడలో కూర్చున్నాడు. నర్సమ్మ తెల్లచీర కుచ్చెళ్లు దగ్గరికి తీసుకుని నా పక్కనే కూలబడింది. మూడు చప్పట్లు కొట్టి, అక్క బయట ఉండిపోయి, లోపల పప్పు మాడిపోతుంటే తలుపు తీయాలి అని కొత్త రూలు చెప్పాను. లోపలి పిల్లలతో పాటు వీధంతా గట్టిగా మళ్లీ చెప్పింది. గడియ ఊడిన చప్పుడైంది.

నేను ఒక్క పరుగున పోయి పొయ్యి ఆర్పాను. పప్పు బొగ్గయింది, గిన్నె ఇక పనికిరాదు. పొగలో దగ్గుతూ వెనక్కి తిరిగితే నర్సమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. రేపటి నుంచి పిల్ల రాదు, అంతే అనుకున్నాను. ఆమె గిన్నె వైపు చూసింది, బుద్ధిగా చాప మీద కూర్చున్న కూతురి వైపు చూసింది.

“ఇంట్లో నా మాట ఒక్కటి వినదు పాపా ఇది,” అంది మెల్లగా. “రేపు రాత్రన్నం తినాలని కూడా ఒక రూలు పెట్టు.”

ఆ పూట పిల్లలకు బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి పెట్టింది ఆమే. నేను గిన్నె తోముతూ కాసేపు ఏడ్చాను, కాసేపు నవ్వాను. సర్పంచ్ పెద్ద బడికి పోయే వయసు వచ్చేదాకా మా దగ్గరే ఉంది.

ఇప్పుడు నాకూ నాలుగేళ్ల కొడుకున్నాడు. వాడి విషయంలో చిన్నమ్మ పద్ధతే నయమని ఎప్పుడో ఒప్పేసుకున్నాను. ఆకలైతే పెడతాను, ఏడిస్తే ఎత్తుకుంటాను, వీలైతే నడుం వాలుస్తాను. కానీ ఎప్పుడైనా, వాడు ఎంతకూ మాట వినని సాయంత్రాల్లో, మండుటెండలో నడివీధిలో కూర్చుని అంత గంభీరంగా చప్పట్లు కొట్టిన ఆ అమ్మాయి గుర్తొస్తుంది. దానికి ఏమీ తెలియదు పాపం. కానీ ఎంత నమ్మకంగా ఉండేదో తలచుకుంటే, దాని మీద ముద్దొస్తుంది, కాస్త అసూయ కూడా.