రెక్కల గాలి

మా కరీంనగర్ ఫ్లాటు బాల్కనీలో ఎండిన పావురాల రెట్ట మీద వాన చినుకులు పడితే, పుల్లగా, తడిసిన సున్నపు గోడలాగా ఒక వాసన లేస్తుంది. ముక్కు మూసుకుని తలుపేసుకోవలసిన వాసనే. నాకు మాత్రం, మా బాపు బొగ్గుబాయిలో పనిచేసినప్పుడు మేమున్న రెండు గదుల క్వార్టరూ, అందులో మూడేళ్ల మా చెల్లె రాజవ్వా కళ్లముందుకొస్తారు.

రాజవ్వకు దమ్ము. చలి మొదలైతే చాలు, పిల్లది గోడకానుకుని కూర్చుని, నోరు తెరిచి గాలి కోసం కొట్టుకునేది. బొగ్గు ధూళి అన్నారు, దిష్టి అన్నారు. మమ్మల్ని కన్న అవ్వ మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేస్తే దగ్గలేక మేమంతా చచ్చేవాళ్లం. చివరికి మా వాడకంతటికీ పెద్దదిక్కైన పక్కింటి బూబమ్మ, తాను పెంచుకునే తెల్ల పావురాల్లో ఒక జతను ఒళ్లో పెట్టుకుని వచ్చింది.

“రెక్కల గాలి తాకితే దమ్ము పోతది బిడ్డా. పోరి మంచం మీదనే గూడు కట్టు జర. దాని దమ్ము గివి తీస్కుంటయి” అన్నది.

బూబమ్మ మాటంటే అందరికీ గురి. బాపు మంచం పైన దూలానికి గూడు వేలాడదీశాడు. దీపాలు పెట్టే వేళ అవ్వ ఒక పావురాన్ని రెండు చేతులా పట్టి చెల్లె ముఖం మీదికి ఎత్తేది. అది తప్పించుకోవాలని రెక్కలు టపటపా కొట్టుకుంటే, లాంతరు వెలుగులో సన్నని తెల్లపొడి మెల్లమెల్లగా దిగేది, చెల్లె నవ్వేది. కొన్నాళ్లకు గూట్లో పావురాలు గురగురమన్నట్టే దాని రొమ్ములోనూ మొదలైంది. పక్కగదిలో ఉంటే ఏది పిట్టో ఏది పిల్లో నాకు తెలిసేది కాదు. నేను భయపడి చెవులు మూసుకుంటే అవ్వ సంబరపడేది.

“దమ్ము వాటిలకు పోతున్నది” అనేది.

పావురాలను బూబమ్మకు అప్పజెప్పి, బతుకమ్మకు ఖానాపూర్‌లో అమ్మమ్మ ఇంటికి పోయాం. తంగేడు పూలు ఒడినిండా పోసుకుని, రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు మింగుతూ, చెల్లె నా వెంట వాకిలంతా ఉరికింది. ఒక్క దగ్గు లేదు. అంతా పావురాల చలవే అన్నారు. తిరిగొచ్చిన మరునాడే మళ్లీ మంచం పట్టింది.

“గీ ఇల్లు అచ్చిరాలే” అని బాపు ఇంకో క్వార్టరు అడిగి తీసుకున్నాడు. కొత్త ఇంట్లోకి పాలకుండ ముందుపోవాలి. అవ్వ పాలకుండను నా చేతికిచ్చి, పసుపు రాసిన పావురాల గూటిని తానే ముందుగా లోపలికి తీసుకెళ్లింది.

ఆ చలికాలం చెల్లె దాటలేదు.

బాపు పావురాలను వదిలేస్తానంటే అవ్వ గూటికి అడ్డంగా నిలబడింది. “నా బిడ్డ దమ్ము వాటిలున్నది. యాడికి పంపుతవ్?” అన్నది. బతికినన్నాళ్లూ వాటికీ వాటి పిల్లలకూ జొన్నలు వేసింది. పొద్దుగూకేటప్పుడు ఒక్కోసారి గూటి వైపు తిరిగి, “ఇగ పండు, రాజవ్వా” అనేది. గూడు నిశ్శబ్దమైపోయేది.

ఆ క్వార్టర్లు ఇప్పుడు లేవు. బూబమ్మా లేదు, ఒళ్లో పిట్టలతో ఇంటింటికీ మందు తెచ్చే మనుషులూ లేరు. మొన్న మనవరాలికి ఆయాసం వస్తే, పిల్లల డాక్టరు మొదట అడిగింది ఇంట్లో పిట్టలున్నాయా అనే. కొందరు పసివాళ్లకు పావురాల ఈకల పొడి పడదట, ముందే ఉబ్బసముంటే ప్రాణం మీదికి వస్తుందట. నేను తల ఊపి, మందుల చీటీ తీసుకుని బయటికొచ్చాను. ఈ మాట వినకముందే మా అవ్వ పోయింది, అదే నయం అనుకున్నాను.