అక్క ఎక్కిన విమానం

పెళ్లయిన కొత్తలో ఆడిన ఒక అబద్ధాన్ని నేను ఇప్పటిదాకా మోస్తూనే ఉన్నాను. దాన్ని దించగలిగిన ఒక్క మనిషీ పోయింది. నాది నాలుగో తరగతి చదువు, రాయడం నిదానం. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

కనకమామిడిలో పిల్లలందరూ నన్ను విమానం అవ్వ అంటారు. నేను ఏనాడూ విమానం ఎక్కలేదు.

ఎక్కింది మా అక్క.

మా పుట్టిల్లు చేవెళ్ల. అరవై తొమ్మిదిలో తెలంగాణ కావాలని గొడవలు లేచినప్పుడు అక్క హైదరాబాదులో ఒక ఆఫీసరు ఇంట్లో మూడేళ్ల పాపను చూసుకునేది. వాళ్లు కోస్తా నుంచి వచ్చినవాళ్లు. బడులు మూసేశారు. బస్సు ఒకరోజు నడిస్తే రెండు రోజులు నడిచేది కాదు, రైళ్ల మీద రాళ్లు పడుతున్నాయని చెప్పుకునేవారు. ఎండాకాలం నాలుగు రోజులు బెంగళూరులో చల్లగా గడిపి వద్దామని వాళ్లు విమానంలో బయల్దేరారు. పాప అక్కను వదలదు, అందుకని అక్కకూ ఒక సీటు. అప్పుడే మా అన్న ఊరేగింపులో పట్టుబడి జైల్లో ఉన్నాడు. అన్న జైల్లో ఉంటే చెల్లెలు ఆ ఇంటివాళ్లతో షికారుకు పోయిందంటే ఊళ్లో ఊరుకుంటారా? తిరిగి వచ్చాక అక్క ఈ సంగతి నాకొక్కదానికే చెప్పింది, చిక్కుడుకాయలు ఒలుస్తూ. ఎవరికీ చెప్పనని నాతో ఒట్టు వేయించుకుంది.

విమానం పైకి లేవగానే పాప చెవులు పట్టుకుని గుక్కపట్టి ఏడ్చిందట. తల్లికి కళ్లు తిరిగి వాంతులు, తలెత్తే స్థితిలో లేదు. బిస్కెట్టు ఇస్తే పాప విసిరికొట్టింది. అక్కకూ చెవులు మూసుకుపోయాయి. భయంతో ఒకసారి ఆవలింత వచ్చి, చెవులు టప్పుమని తెరుచుకున్నాయి. అంతే, ఆమెకు అర్థమైపోయింది. పాప మొహానికి ఎదురుగా నోరు బార్లా తెరిచి ఉత్తుత్తి ఆవలింతలు మొదలుపెట్టింది. ఒకటి, రెండు, పది. ఏడుస్తూనే చూసీ చూసీ పాపకూ నిజం ఆవలింత వచ్చింది. ఏడుపు ఆగిపోయింది. బస్సు తప్ప ఇంకేదీ ఎక్కని మనిషి, తన కాళ్లే వణుకుతుంటే, అంత భయంలో ఆ ఉపాయం ఎట్లా కనిపెట్టింది? నాకు ఈనాటికీ ఆశ్చర్యమే.

మరుసటి ఏడు నన్ను కనకమామిడికి ఇచ్చారు. మా పెద్ద యారాలు, అంటే మా ఆయన అన్న భార్య, శంకర్‌పల్లి పిల్ల. వాళ్ల ఊళ్లో రైలు ఆగుతుందని మహా గర్వం.

"మా ఊర్లె రైలున్నది. మీ చేవెళ్లల ఏమున్నదే, దుబ్బ తప్ప?" అంది ఒకరోజు అందరి ముందూ.

అందరూ నవ్వారు. నా నోట్లోంచి వచ్చేసింది: "నేను విమానమెక్కిన."

మా అత్త బియ్యం చేట కింద పెట్టింది. "నిజమా? ఎట్లుంటదే?"

చెప్పాను. ఆఫీసరును డాక్టరును చేశాను. అక్కను నన్ను చేశాను. ఆవలింత కూడా నాదే అన్నాను. పైనుంచి చూస్తే గండిపేట చెరువు నీళ్లు తోమిన తాంబాళంలా మెరిశాయని, చెల్క పొలాలన్నీ అతుకుల బొంతలా పరుచుకున్నాయని అన్నాను. అవి అక్క చెప్పినవి కావు. నేనే కల్పించాను. ఆ రోజు నుంచి యారాలు రైలు మాట ఎత్తలేదు.

మూడేళ్లకు క్రిస్మస్ పండక్కి అక్క మా ఇంటికి వచ్చింది. యారాలి పిల్లలు నన్ను పట్టుకున్నారు, విమానం కథ చెప్పమని. తప్పించుకోలేకపోయాను. అక్క ఎదురుగానే పల్లికాయలు ఒలుస్తోంది. ఆవలింత దగ్గరికి వచ్చేసరికి కథ ఆపేశాను.

"అక్కా, నువ్వు గూడ ఎక్కినవా?" అని యారాలు ఆమెనే అడిగింది.

అక్క నవ్వింది. "నాకెక్కడిదమ్మా! మా ఇంట్ల ఆ ధైర్యం దీనికే ఉన్నది." నా వైపు తిరిగింది. "ఏందే, ఆపినవ్? కిందికి సూస్తె ఏం కనవడ్డదో చెప్పు."

సాగనంపడానికి మొయినాబాద్ దాకా వెళ్లాను. బస్సు కోసం నిలబడ్డప్పుడు అడిగాను.

"గట్ల ఎందుకన్నవ్ అక్కా? అది నీదే గద."

"పాప నా చెయ్యి మీద పండింది. కదిలితె లేస్తదని కిందికే సూడలె. నువ్వు చెప్తుంటె ఇయ్యాల సూసిన."

బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయింది.

అది క్షమించడమా? కాదు. పర్వాలేదనే మాట ఆమె అనలేదు. నాకు సుఖంగా ఉంటుందని నేనే అట్లా అనుకున్నాను. తర్వాత గొడవలు సద్దుమణిగాయి, అన్న తన జైలు రోజుల్ని తానే నవ్వుతూ చెప్పుకునేవాడు, ఇక దాచవలసిన పనే లేదు. అక్క తన పిల్లలకు హాయిగా చెప్పుకోవచ్చు, కానీ చెబితే అత్తగారింట్లో నేను అబద్ధాలకోరునవుతానని జీవితమంతా నోరు మూసుకుంది. అంత పెద్ద మనసు నాకుండేదా? ఉండేది కాదు.

అక్క పోయినప్పుడు చేవెళ్ల చర్చిలో ఆమె గురించి తలా ఒక మాట చెప్పారు. ఒకామె లేచి, "పాపం, చేవెళ్ల, హైదరాబాదు పట్నం తప్ప ఏం సూసింది?" అంది. నేను రెండో వరసలో ఉన్నాను. లేచి చెప్పవలసిన మనిషిని నేనే. లేవలేదు. పాట అందుకుంటే అందరితో పాటు పాడాను. మొదటి అబద్ధం కంటే ఆ ఊరుకోవడమే నా అసలు తప్పు.

యారాలు ఇంకా ఉంది. ఈ కాగితం ఆమెకు చదివి వినిపించే ధైర్యం నాకు ఇంకా రాలేదు. కానీ రాశాను. చెయ్యి నొప్పి పుడుతోంది.

మా అక్క పేరు రూతమ్మ. చేవెళ్ల రూతమ్మ విమానం ఎక్కింది. ఏడ్చే పాప ముందు తన వణుకు దాచుకుని నోరు బార్లా తెరిచింది. కిందికి మాత్రం చూడలేదు.