మొదటి దోసిలి

మా సైన్సు మాస్టారు పోయారన్న కబురు నాకు బడిలోనే అందింది. మూడో ఫారం పిల్లలకు సంధులు చెబుతుంటే, పాలు పోసే ఖాసిం గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, "సైన్సయివారు పోయినారు సామీ" అన్నాడు. కామెర్లు ముదిరాయని వారం ముందే తెలుసు. అయినా ఆ గంట పూర్తయ్యేదాకా పాఠం చెబుతూనే ఉన్నాను. ఏం చెప్పానో నాకే తెలియదు.

ఆయనది గిద్దలూరు వైపు పల్లె. మద్రాసులో చదివి, అక్కడే పడవల మీద సముద్రంలోకి పోయి, పట్టుగుడ్డ వలతో కంటికి ఆనని జీవుల్ని పట్టే పనిలో ఉండేవారు. యుద్ధభయంతో మద్రాసు ఖాళీ అవుతున్నప్పుడు ఆ పని ఆగిపోయింది. పట్టు వల, ఇత్తడి సూక్ష్మదర్శిని వెంటబెట్టుకుని మా కంభం బడికి వచ్చారు. నేను తెలుగు పండితుణ్ణి, ఊరుకుంటానా? "కనపడని వాటికోసం మద్రాసు దాకా పోవాల్నా? మన ఊర్లో దయ్యాలు తక్కువైనాయా?" అన్నాను. ఆయన నవ్వి, వాటికి తెలుగులో పేరు పెట్టమన్నారు. నీటివాలున తేలిపోయేవి కాబట్టి ప్లవకాలన్నాను. మర్నాడే పిల్లలందరి నోటా ఆ మాట పలికించారు.

"సముద్రమైనా మన చెరువైనా చేపలు బతికేది వీటి మీదనే పండితులూ" అంటూ ఒకరోజు కంభం చెరువు నీటిచుక్కను నాకు చూపించారు. గాజులాంటి జీవి ఒకటి, నడినెత్తిన ఒకటే ఎర్రటి కన్ను. అది కదలడం మానేసి నా వైపే చూస్తున్నట్టుంది. "పొద్దు గుంకితే ఇవన్నీ అడుగు నుంచి పైకొస్తాయి. తెల్లారితే దిగిపోతాయి. రోజూ ఇంతే" అన్నారు. ఆ తరువాత చాలాకాలం నేను చెరువులో మునిగి స్నానం చేయలేదు. భయమే, దాచడమెందుకు?

ఆయన వచ్చిన రెండో వేసవిలో ఒక ఉదయం చెరువు పడమటి ఒడ్డున నీళ్లు చిక్కటి పచ్చరంగుకు తిరిగాయి. అల లేదు, ఒక్క కొంగ లేదు. గంగమ్మ పచ్చచీర కట్టిందన్నారు ఊళ్లో. అట్లాంటి రోజుల్లో పశువులు తాగేదాకా మనుషులు ఆ నీళ్లు ముట్టకూడదని ఆచారం. మాస్టారు ఆ నీటిని సూక్ష్మదర్శిని అద్దం కింద చూసి, ఈ ప్లవకాల్లో విషముంది, పశువుల్ని దింపొద్దని బతిమాలారు. విన్నది ఖాసిం ఒక్కడే. "తూర్పు ఒడ్డు తేటగా ఉంది, ఆడ తాగించు" అని మాస్టారు చెబితే బర్రెల్ని అటు తోలుకుపోయాడు.

మధ్యాహ్నం పడమటి గాలి తిరిగింది. పచ్చదనమంతా చప్పుడు లేకుండా చెరువు దాటి తూర్పు ఒడ్డుకు చేరింది. ఆ తరువాత పడమటి ఒడ్డున దిగిన తక్కిన మందలకు తేట నీళ్లే దొరికాయి. పొద్దు వాలకముందే ఖాసిం బర్రెలు నాలుగు చచ్చిపోయాయి.

ఖాసిం అరవలేదు. "మీ అద్దంలో గాలి కనపడలేదా అయివారూ?" అని మాత్రం అడిగాడు. 

మర్నాటి నుంచి ఆయన రెండు పూటలా చెరువుకు పోయేవారు. గాలి చూసి, నీళ్లు అద్దం కింద చూసి, ఏ ఒడ్డు మంచిదో తేల్చి, ఆ ఒడ్డున ముందుగా తానే దోసెడు నీళ్లు తాగేవారు. ఆ తరువాతే మందలు దిగాలి. గంగమ్మ ఆచారం తిరగేశాడని ఊళ్లో గొణిగారు. "అద్దంలో చూసినంక మళ్లా తాగేదేంది?" అని నేనూ కసురుకున్నాను.

"చూసేది నాకు తెలిసేదానికి. తాగేది వాళ్లు నమ్మేదానికి" అన్నారు.

మూడు వేసవులు ఇట్లాగే గడిచాయి. ఒక్క పశువూ చావలేదు. బర్రెలకూ అలవాటైపోయింది. ఎంత దాహమైనా నీళ్ల అంచున ఆగి, ఆయన తాగి లేచేదాకా కళ్లార్పకుండా చూసేవి. 

ఆయన కళ్లు పచ్చబడ్డాక ఒకసారి మంచం పక్కన కూర్చుని, ఇది ఆ నీళ్ల వల్లనేనా అని అడిగాను. "తెలియదు పండితులూ. తెలియంది తెలుసని ఒకసారి చెప్పినా. చాలు" అన్నారు. ఆ మంచి మనిషిని ఎంత ఎగతాళి చేశానో అప్పుడు గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

పోయిన మూడోనాటి మధ్యాహ్నం చెరువు వైపు వెళ్లాను. మాస్టారు మంచం పట్టిన నాటి నుంచి బావి నీళ్లు తాగిన బర్రెలు ఆ రోజే మళ్లీ చెరువుకొచ్చి తూర్పు ఒడ్డున వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కటీ మూతి వంచడం లేదు. ఖాసిం అదిలించాడు, కర్రతో పొడిచాడు. ఊహూ. నీళ్లు పచ్చగా ఉన్నాయో, ఆకాశం నీడో, నాకు తేలలేదు.

"మంచివేనా సామీ, మీరు చెప్పండి" అన్నాడు ఖాసిం.

 అతను పంచె ఎగగట్టి నీళ్లలోకి దిగాడు. "వద్దు ఖాసిం" అన్నాను.

"ఎవురో ఒకరు తాగాల గదా" అని దోసెడు ముంచి తాగాడు.

బర్రెలు అతన్ని చూడలేదు. అన్నీ మెడలు తిప్పి ఊరి దారి వైపు చూస్తున్నాయి. ఖాసిం మూతి తుడుచుకుని, మళ్లీ నీళ్ల మీదికి వంగాడు.