టుంపా నిద్రపోయిన మధ్యాహ్నం

2022 వర్షాకాలం. ఖిదిర్‌పూర్‌లో మా ఇంటి కింది గదిలో నేను మీడియేషన్ మొదలుపెట్టి అప్పటికి చాలా ఏళ్లయింది. మీడియేషన్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. విడిపోదామనుకున్న భార్యాభర్తలు కోర్టులో ఒకరి మీద ఒకరు బురద చల్లుకోకుండా, మూడో మనిషి ముందు కూర్చుని, పిల్లలు ఎవరి దగ్గర ఎలా ఉండాలో తామే తేల్చుకోవడం. ఆ మూడో మనిషిని నేను. తీర్పు చెప్పను, అడిగితే తప్ప సలహా ఇవ్వను. మావారి బ్యాంకు ఉద్యోగంతో రాజమండ్రి నుంచి ఇలా బెంగాలీల మధ్యకి వచ్చి, ఆయన రిటైరయ్యాక కూడా ఈ ఊరిని వదల్లేక ఉండిపోయిన లాయర్ని. కోర్టులో వాదించడం మానేశాక నోరు అదుపులో పెట్టుకోవడం నేర్చుకున్నాను. ఇంకా నేర్చుకోలేదని మావారంటారు.

నా సిటింగులన్నీ మధ్యాహ్నం భోజనాలయ్యాకే. ఈ ఊళ్లో అన్నం తిన్నాక పేటపేటంతా కాసేపు కునుకు తీస్తుంది. దాన్ని భాత్ ఘుమ్ అంటారు. కొట్లు సగం షట్టర్లు దించుకుంటాయి, రిక్షా అతను రిక్షాలోనే కాళ్లు ముడుచుకుంటాడు, రేవులో ఓడ కూత కూడా ఆవులింతలాగే వినిపిస్తుంది. ఆ వేళకి పోట్లాడుకోవడానికి వచ్చినవాళ్ల నాలుకలు కూడా కాస్త బద్ధకిస్తాయి. ఈ కిటుకు ఏ ట్రైనింగులోనూ చెప్పరు.

గోవింద్, హైమ (పేర్లు మార్చాను) నా దగ్గరకొచ్చింది అప్పుడే. గోవింద్ తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి మా పక్కనే గార్డెన్ రీచ్‌లో స్థిరపడ్డారు. అతను ఓడలు కట్టే యార్డులో సూపర్‌వైజర్. హైమది విశాఖపట్నం, ఇక్కడ ఊరికి అటు చివర న్యూ టౌన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆఫీసుకి దగ్గరగా ఫ్లాట్ తీసుకుని అప్పటికి ఏడాదిగా విడిగా ఉంటోంది. విడిపోవడానికి ఇద్దరికీ అభ్యంతరం లేదు. పేచీ అంతా ఏడేళ్ల పాప దగ్గరే. హైమకి హైదరాబాద్ ట్రాన్స్‌ఫర్ వచ్చేలా ఉంది, పాపని తీసుకుపోతానంటుంది. తీసుకుపోతే కస్టడీ కేసు వేస్తానంటాడు గోవింద్. కేసంటూ పడితే, ఏదో ఒకరోజు జడ్జిగారు పాపని లోపలికి పిలిచి "నీకు ఎవరు కావాలమ్మా?" అని అడగాల్సి వస్తుంది. ఆ రోజు రాకూడదనే నా పంతం.

పాపకి తల్లి పెట్టిన పేరు సాహితి. తండ్రి ఇంట్లో మాత్రం టుంపా. ఇక్కడ మనవాళ్ల పిల్లలకి కూడా ఇంట్లో పిలుచుకునే బెంగాలీ పేరొకటి ఉంటుంది. ఆ పిల్ల రెండు పేర్లకీ ఒకేలా పలికేది.

మొదటి సిటింగుల్లో వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటే ఒట్టు. ఒకరు గోడవైపు, ఒకరు కిటికీవైపు. మాటలన్నీ నా మీదుగానే నడిచేవి.

"ఆయనతో చెప్పండి మేడమ్. శనివారం పాపని తీసుకెళ్తే మళ్లీ దింపేదాకా ఫోన్ ఎత్తరు."

"నానేటి ఎత్తుకుపోనానా దీదీ? నా బిడ్డని నాను తీసుకెల్తే ఈవిడికేటి?"

ఒక్క సంగతిలో మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట. "పాప ముందు మేమెప్పుడూ గొడవ పడలేదండీ, అది నిద్రపోయాకే" అంది హైమ. "అవును దీదీ, టుంపా పడుకున్నాకే" అన్నాడు గోవింద్. మొదటిసారి ఒక మాట మీద నిలబడ్డారు కదా అని నాకు ముచ్చటేసింది.

పిల్లల్ని సిటింగుకి తీసుకురాకూడదని నా నియమం. కానీ ఒకరోజు తెల్లారినప్పట్నుంచీ ఒకటే వాన. స్కూలు సెలవు, పాపని చూసేవాళ్లు లేరు. హైమ పాపతోనే క్యాబ్ దిగింది. గోవింద్ ప్యాంటు పైకి మడిచి మోకాలిలోతు నీళ్లలో నడిచొచ్చాడు. వాన పడితే ఈ ఊళ్లో ఇంటింటా ఖిచుడీయే. మా ఇంట్లోనూ అదే వండాను, అందరికీ పెట్టాను. పాప వంటింట్లో నా పక్కన పీట మీద కూర్చుని తింది. నన్ను దిదా అంది, బెంగాలీలో అమ్మమ్మ అని.

"దిదా, మాటలైపోతే వీళ్లు ఎల్లిపోతారా?"

"వెళ్లాలిగా మరి."

"నాను పడుకుంటేనో?"

"పడుకుంటే నువ్వు లేచేదాకా ఎవరూ కదలరులే" అన్నాను, గిన్నె కడుగుతూ.

కిటికీ దగ్గర జల్లు కొడుతోందని కుర్చీలు తీసేశాను. దాంతో ఇద్దరూ ఒకే బెంచీకి చెరో కొసా కూర్చోవాల్సొచ్చింది. పాప మధ్యలో దూరి, తల తల్లి ఒళ్లో, పాదాలు తండ్రి ఒళ్లో పెట్టి కళ్లు మూసుకుంది. ఆదివారాలు లాంచీలో గంగ దాటేటప్పుడు ఎప్పుడూ అలాగే పడుకునేదట. అంతలో కరెంటు పోయింది. గది బూడిదరంగు వెలుగులో మునిగింది. వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నాకు ఆ గది ఎక్కడికో మెల్లగా సాగిపోతున్నట్టనిపించింది.

హైమ గొంతు లేపబోయింది. గోవింద్ పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. "పడుకుంది."

ఆమె గుసగుసలోకి దిగింది. ఆ గుసగుస వానలో బల్ల ఇవతలున్న నాదాకా రాదు. ఇక "ఆయనతో చెప్పండి మేడమ్" అనడానికి వీల్లేదు. చెప్పదలుచుకున్నది ఆయనకే చెప్పాలి. పాప నిద్ర చెడుతుందని లేచి విసురుగా పోవడానికీ లేదు. గుసగుసగా తిట్టుకోవడం ఎంత కష్టమో ఎప్పుడైనా ప్రయత్నించి చూడండి. సగంలో నవ్వయినా వస్తుంది, ఏడుపైనా వస్తుంది.

వాన నెమ్మదించినప్పుడల్లా కొన్ని మాటలు నాకు వినబడ్డాయి.

"నాతోనే ఉంటానంది" అంటోంది హైమ. "ఒట్టేసి మరీ చెప్పింది. నువ్వే కావాలమ్మా అంది."

గోవింద్ పాప పాదాలకేసే చూస్తూ అన్నాడు. "నాతోనూ అదే అన్నాది హైమా."

భార్య పేరు ఆ గదిలో అతను పలకడం అదే మొదలు.

"ఎప్పుడు?"

"నానడిగినప్పుడల్లా."

హైమ మొహంకేసి చూడలేకపోయాను. ఏ కోర్టూ అడక్కముందే ఇద్దరూ ఆ ప్రశ్న అడిగేశారు. ఎవరికి కావలసిన జవాబు వాళ్లకిచ్చి పంపేసింది ఆ చిన్నపిల్ల.

"ఇంక అడగొద్దు" అంది హైమ కళ్లు తుడుచుకుంటూ. "నేనూ అడగను."

"అడగను. ఐద్రాబాదు మాత్రం తీసుకుపోకు. బడున్న రోజులు నీ దగ్గరే ఉంచుకో, శనాదివారాలు నాకిచ్చీ. ఫోను ఎత్తుతాను."

ట్రాన్స్‌ఫర్ వద్దని చెప్పేస్తానంది హైమ. ఆ మాట అనడానికి ఆమెకి ఎంతసేపు పట్టిందో, అన్నాక ఎంత తేలికపడిందో నేను చూశాను. కాగితం తీసి పేరెంటింగ్ ప్లాన్ రాశాను, అంటే పిల్ల ఎప్పుడు ఎవరి దగ్గర ఉంటుందన్న ఒప్పందం. మొట్టమొదటి షరతు, ఎవరు కావాలని పాపని ఇద్దరిలో ఎవరూ అడక్కూడదని. ఇక కోర్టులో మిగిలింది మ్యూచువల్ కన్సెంట్, ఇద్దరి ఇష్టంతో విడాకులు. అది తర్వాత సాఫీగానే అయింది.

వాన వెలిసింది. హైమ కాళ్లు తిమ్మిరెక్కినా కదల్లేదు. గోవింద్ రెండు అరచేతులతో ఆ పాదాల్ని కప్పి ఉంచాడు. ఇద్దరూ కిటికీ బయట వీధిలో నిలిచిన నీళ్లని చూస్తున్నారు. పాపకి చలేస్తుందేమోనని నా శాలువా కప్పడానికి వంగాను. ఒక కన్ను తెరుచుకుంది.

"దిదా, ఇంక లేవొచ్చా?" అంది, నాకు మాత్రమే వినబడేలా.

శాలువా గడ్డందాకా లాగాను. "ఇంకాస్సేపు పడుకో తల్లీ."

ఈ సంగతి వాళ్లిద్దరికీ నేను చెప్పలేదు. కానీ నిద్రని అంత బాగా నటించడం ఒక్క మధ్యాహ్నంలో వచ్చే విద్య కాదు. ఎన్ని రాత్రులు సాధన చేసిందో ఆ పిల్ల! ఇప్పటికీ నా గదికొచ్చే జంటలు అదే మాట అంటారు, పాప నిద్రపోయాకే పోట్లాడుకుంటామండీ అని. ఒకప్పుడు తల ఊపేదాన్ని. ఇప్పుడు, ఈ రాత్రి పాప దగ్గరకెళ్లి ఒకసారి దాని ఊపిరి విని రమ్మంటున్నాను.